దిమ్మ కింద జాగా

'సాంతా బ్రిహిదా' బోటు నీళ్ళలోంచి పూర్తిగా పైకి వచ్చేసరికి ఎండ ముదిరింది. పట్టాల మీది బండి కీచుమంటూ కదలడం, ఆగడం, ఆగినప్పుడల్లా తాడు లాగే వించ్ దగ్గరి మనిషి దాన్ని బూతులు తిట్టడం, మళ్ళీ లాగడం. ఇలా పొద్దుటినుంచీ సాగి, చివరికి బోటుని మరమ్మతు యార్డు మధ్యకి తెచ్చి నిలబెట్టారు. నీటిగీతకి పైన తెల్లగా, అంచు వెంట నీలం పట్టీతో ఇప్పుడే ముస్తాబైనట్టుంది. కిందికి చూస్తే అదే బోటని ఎవరూ అనరు. నాచు జడలు కట్టి వేలాడుతోంది. ఆ నాచు సందుల్లో రాతిలా గట్టిపడ్డ గుల్లలు, కొన్నిచోట్ల చల్లినట్టు, కొన్నిచోట్ల గుప్పెళ్ళకొద్దీ. ఎండ తగిలి అవి చావడం మొదలెట్టగానే, ఆగస్టు నెలలో ఈ రేవుపట్నం గువాయ్‌మాస్‌లో ఏ ఇంటి కిటికీ తెరిచినా వచ్చే ఆ కంపు గుప్పున లేచింది.

గీకేవాళ్ళు ఇనప గీకుళ్ళు పట్టుకుని రెండు పక్కలా చేరారు. రంగుల మేస్త్రీ కసిమీరో వాళ్ళని దాటుకుని, నడుం వంచి, బోటు కిందికి నడిచాడు. ఏ బోటు పైకొచ్చినా అతను ముందు చూసేది వెన్నుదూలాన్ని. ముక్కు నుంచి చుక్కాని దాకా బోటు బరువంతా మోసే ఆ ఒంటిదూలం కింద, ఉండుండి ఒక చెక్కదిమ్మ పెట్టి బోటుని ఆనిస్తారు. బోటు ఆనిన చోట కుంచె దూరదు.

నిరుడు ఏయే దిమ్మల మీద ఆనిందో ఇప్పుడు అడక్కుండానే తెలిసిపోతోంది. దూలం పొడుగునా ఎర్రరంగు వెలిసిపోయినా అంటిపెట్టుకునే ఉంది. మధ్యమధ్య పలకంత జాగాల్లో మాత్రం రంగే తగల్లేదు. ఆ జాగాల్లో కొయ్య కనపడకుండా గుల్లలు పేరుకున్నాయి. కసిమీరో ఒకచోట వాటిని గీకి, జేబులోంచి చాకు తీసి కొయ్యకి ఆనించి నొక్కాడు. పండిన బొప్పాయిలోకి దిగినట్టు పిడి దాకా దిగింది. బయటికి లాగితే తడి పొట్టూ, దాంతోపాటు తెల్లటి మెత్తటి పురుగు ముక్కా వచ్చాయి.

యార్డు సూపర్వైజరు లందేరోస్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"చూడు," అన్నాడు కసిమీరో.

లందేరోస్ వంగలేదు. "చూశాన్లే. వడ్రంగి చేత ఆ ముక్క కోయించి కొత్తది అతికిద్దాం."

"ఇది అతికిస్తావు. ఇప్పుడు దిమ్మలున్న చోటో? వచ్చే ఏడు బోటు పైకొస్తే అక్కడా ఇదే చూస్తాం. వస్తే."

"ఏం మాటలయ్యా అవి, బోటు పక్కనే నిలబడి!"

"దిమ్మలు ఒక్కొక్కటే తీసి, కింద రంగేసి, మళ్ళీ పెట్టాలి. నిరుడే అన్నాను. నువ్వు విన్లేదు."

"నాకు చెప్తున్నావా? నీ పక్కన నిలబడి రంగులు పూసినోణ్ణే నేనూ." లందేరోస్ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "నిరుడు మన గీకే కుర్రాడు చెపేకి దిమ్మ కింద వేళ్ళు నలిగాక ఎవడు దూరాడు కిందికి? నువ్వు దూరావా? ఇప్పుడు దూరేవాడు దొరికినా, దిమ్మలన్నీ తీయిస్తే రెండు రోజులు పోతాయి. పైగా వేట నిషేధం ఎత్తేస్తున్నారు. అటు చూడు, ఎన్ని బోట్లు లంగరేసి కూచున్నాయో. ఆ సరంగులందరూ నా పీక మీదే ఉన్నారు."

"అయితే రంగు నువ్వే వేసుకో. నేను డబ్బా మూత తియ్యను."

గీకుళ్ళ చప్పుడు ఆగింది. కసిమీరో అల్లుడు ఎవేలియో ఆ బోటు మీదే ఇంజను డ్రైవరని యార్డులో అందరికీ తెలుసు. లెంచో అనే గీకేవాడు ఊరుకోలేదు.

"మేస్త్రీకి బోటు మీద కాదు రోయ్, అల్లుడి మీద బెంగ!"

"అవున్రా," అన్నాడు కసిమీరో. "నీకూ ఓ అల్లుడొస్తే తెలుస్తుంది. ముందు నీ మొహానికి పిల్లనిచ్చేవాణ్ణి వెతుక్కో."

అందరూ నవ్వారు. లందేరోస్ నవ్వలేదు. కాసేపు బోటునీ, మేస్త్రీనీ మార్చి మార్చి చూశాడు.

"సరే. దిమ్మలు తీయిస్తా. చాలా?" అని వెనక్కి తిరిగి పిలిచాడు. "నబోర్!"

నబోర్ చుక్కాని దగ్గర కూచుని గీకుతున్నాడు. ఈ వేసవిలోనే వచ్చినవాడు, దక్షిణాన చియాపాస్ కొండల మనిషి. పేరున్నా యార్డులో వాడికి దక్షిణాదోడనే పేరు. బక్కగా, పొట్టిగా, ఎక్కడైనా దూరగలిగేటట్టు ఉంటాడు. ఇక్కడ అతనికి నా అనేవాళ్ళు లేరు. చెపే వేళ్ళు పోయినప్పుడు వాళ్ళ వదినలూ మేనమామలూ యార్డు గేటు ముందు చేరి చేసిన గోల లందేరోస్‌కి ఇంకా గుర్తే.

"దిమ్మలు తీస్తున్నాం. నువ్వు దూరాలి," అన్నాడు లందేరోస్.

"సరే సారూ," అన్నాడు నబోర్.

*

మధ్యాహ్నం తిండి దగ్గర కసిమీరోకి మంచి ఉత్సాహంగా ఉంది. మాట నెగ్గింది. పల్చటి గోధుమ రొట్టెలో చిక్కుడుగింజల ముద్ద చుట్టుకుని తింటూ, నిరుడే ఎలా చెప్పాడో, వినకపోతే ఏమైందో లెంచోకి మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు.

"పైన వేసే రంగు సరంగు పెళ్ళానికి చూపించుకోవడానిక్రా. కింద వేసేదాంట్లో రాగివిషం ఉంటుంది. పురుగు దగ్గరికి రాదు, గుల్ల అంటుకోదు. చెయ్యంత జాగా వదిలేశావనుకో, సముద్రమంతా గాలించి సరిగ్గా ఆ చెయ్యంత జాగాకే వస్తుంది పురుగు. దానికెవరు చెప్తారో తెలీదు."

"ఇంటి తలుపు తెరిచి ఉంటే మా బావమరిదికి ఎవరు చెప్తారో, వాళ్ళే," అన్నాడు లెంచో.

కొంచెం దూరంలో, డబ్బాల నీడలో, నబోర్ ఒక్కడే కూచుని తింటున్నాడు. లందేరోస్ ఈల వేయగానే సగం తిన్న రొట్టెని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి లేచాడు. కింద తట్టుకోకుండా నడుముకున్న పటకా విప్పబోయాడు. దాని బకిల్ తప్పించడానికి అతని వేళ్ళకి చాలాసేపు పట్టింది. కసిమీరో నమలడం ఆపి చూశాడు. ఈ వేసవంతా నబోర్ ఎన్నో బోట్ల కింద దూరాడు. ఆ సమయానికి తను పక్కలకి రంగు వేస్తూ ఉండేవాడు, నిచ్చెన మీద, వీపు ఇటు పెట్టి. పటకా విప్పడం ఎప్పుడూ చూడలేదు.

సమ్మెట దెబ్బలకి దిమ్మ కింద బిగించిన చెక్క చీలలు వదులయ్యాయి. తాడు కట్టి దిమ్మని పక్కకి లాగారు. బోటు ఒకసారి నిట్టూర్చినట్టు చప్పుడు చేసి ఊరుకుంది. నబోర్ వెల్లకిలా పడుకుని, భుజాలతో పాకుతూ ఆ ఖాళీలోకి వెళ్ళాడు. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి. ఒకరు గీకుడు అందించారు, తర్వాత పొడిగుడ్డ, తర్వాత రంగు ముంత, కుంచె. ఆ కాసింత మేర బోటుకీ నేలకీ మధ్య ఉన్నది ఆ మనిషొక్కడే.

కసిమీరో కళ్ళు నబోర్ పాదాల మీదే ఉన్నాయి. బోటు ఎక్కడో కిర్రుమన్నప్పుడల్లా ఆ కాలివేళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయి. పిల్లల వేళ్ళలా ముడుచుకుని, చాలాసేపటికి గానీ విడివడడం లేదు.

మొదటి పూత ఆరేలోపు నబోర్ బయటికి వచ్చాడు. ఎవరినీ చూడకుండా రంగుడబ్బాల వెనక్కి వెళ్ళాడు. అక్కణ్ణుంచి కక్కుకుంటున్న చప్పుడు వినిపించింది. కుళాయి తిప్పి నోరు కడుక్కుని, తిరిగొచ్చి, దిమ్మ పక్కన చతికిలబడి రెండో పూతకి రంగు కలపడం మొదలెట్టాడు.

"వంట్లో బాలేదా?" అడిగాడు కసిమీరో.

"బానే ఉంది మేస్త్రీ."

"రోజూ ఇంతేనా?"

నబోర్ రంగు కలుపుతూనే ఉన్నాడు. ఎర్రరంగు చిక్కగా, బరువుగా కర్రకి చుట్టుకుంటోంది.

"భయమేస్తుందా?"

"భయం లేనిచోటికి నన్నెందుకు పిలుస్తారు మేస్త్రీ?" అన్నాడు నబోర్, కోపమేమీ లేకుండా. రెండో పూతకి మళ్ళీ లోపలికి పాకాడు.

పొద్దు వాలేసరికి ముక్కు వైపు దిమ్మలు అయ్యాయి. చుక్కాని వైపువి మర్నాటికి మిగిలాయి. అటు వైపు బోటు బరువెక్కువ, ఇంజను ఉండేది అక్కడే. జాగా కూడా తక్కువ.

*

ఆ సాయంత్రం ఎవేలియో చేపల మార్కెట్ మీదుగా వస్తూ రెండు పీతలు తెచ్చాడు. కసిమీరో కూతురు ఎల్వియా వాటిని ఉడకేస్తూ, వంటింట్లోంచే మాట్లాడుతోంది.

"యార్డులో నువ్వు సమ్మె చేశావంట కదా నాన్నా! పీతలమ్మే ఆవిడ కూడా ఈయనతో అందట."

"సమ్మెలేదు, గిమ్మెలేదు. చెయ్యాల్సిన పని చెయ్యమన్నాను."

"మావయ్య ఊరుకుంటే లందేరోస్ మమ్మల్ని మళ్ళీ పురుగుకి పెట్టేవాడు," అన్నాడు ఎవేలియో, చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంటూ. "కింద ఇంజను దగ్గర పడుకుంటే నాకు వినపడేది తెలుసా? నీళ్ళు. చెక్కకి అటు నీళ్ళు, ఇటు నా చెవి. ఆ చెక్క ఎంత మందం ఉందో, ఎంత మిగిలిందో ఎవడికి తెలుసు?"

ఎల్వియా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నా దగ్గర చెప్పకు అలాంటివి."

"ఇప్పుడేం భయం లేదులే. మీ నాన్న దగ్గరుండి చేయిస్తున్నాడుగా."

కసిమీరో పీతకాలు విరిచి, లోపలి మాంసం తియ్యకుండా చేతిలోనే పట్టుకుని కూచున్నాడు. "దూరేది నేను కాదు. ఆ నబోర్."

"దక్షిణాదోడా? వాడికి అలవాటే. ఎలకలా దూరతాడు."

"కక్కుకున్నాడ్రా ఇవాళ."

ఎవేలియో మావగారి మొహంలోకి చూశాడు. "ఎండ దెబ్బేమో," అన్నాడు.

ఎల్వియా తండ్రి పళ్ళెంలో మరో ముక్క వేసింది. "తిను నాన్నా, చల్లారిపోతోంది."

*

మర్నాడు పొద్దున్న లందేరోస్ ఈల వేసేసరికి కసిమీరో చొక్కా విప్పి, బనీనుతో, చుక్కాని కింద కూచుని ఉన్నాడు. నబోర్ పటకా విప్పుకుంటూ వచ్చి ఆగిపోయాడు.

"నువ్వు చీలలు పట్టుకో. ఇవి నేను చూస్తాను," అన్నాడు కసిమీరో.

"ఎందుకు మేస్త్రీ?"

"ఎందుకేంటి. నా అల్లుడి బోటు. నేను అడిగిన పని."

లందేరోస్ దగ్గరికొచ్చాడు. "నీ మోకాళ్ళకి ఇదవసరమా? పట్టేస్తే నిన్ను లాగడానికి ఇంకో వించ్ కావాలి."

"పట్టేస్తే రంగేసి వదిలెయ్యండి, పురుగు రాకుండా ఉంటాను."

ఈసారి లందేరోస్ కూడా నవ్వాడు. దిమ్మ తీశారు. కసిమీరో వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. బయట ఉన్నప్పుడు ఎంతో ఎత్తుగా కనిపించే బోటు, లోపల ముక్కుకి తగిలేంత దగ్గరికి వచ్చింది. వెలుతురు పక్కలకి పోయింది. దూలం చెమటోడుస్తోంది. ఒక చుక్క సరిగ్గా పెదవి మీద పడింది, ఉప్పగా, తుప్పు రుచితో. చేతులు పైకెత్తి గీకుతుంటే పొట్టు కళ్ళలో రాలింది. తుడుచుకుందామంటే మోచెయ్యి వంచడానికి చోటు లేదు. అప్పుడు బోటు సర్దుకుంది. చిన్న చప్పుడే, తలుపు గడియ పడినట్టు. బోటు మళ్ళీ ఊరుకున్నా అతని చేతులు చాలాసేపు గాలిలోనే ఉండిపోయాయి.

"మేస్త్రీ, ఉన్నావా?" లెంచో గొంతు.

"నీకు పిల్లనిచ్చేదాకా ఉంటాను," అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

ఎల్వియా మొహం గుర్తు తెచ్చుకున్నాడు. చెక్కకి అటు నీళ్ళు, ఇటు చెవి. కుంచె దూలానికి పట్టించి, అంచులదాకా, చీలిక చీలికలోకీ ఎర్రరంగు పోనిచ్చాడు. ఒక పూత, ఆరాక ఇంకో పూత. తర్వాతి దిమ్మ. ఆ తర్వాతిది. అన్నిటికంటే ఇరుకైన చివరి దిమ్మ దగ్గర రెండు చేతులూ పట్టక, ఒంటిచేత్తో పూసి, వేళ్ళతో రుద్ది మరీ అద్దాడు.

చివరిసారి బయటికి వచ్చేసరికి యార్డు అంతా చప్పట్లు కొట్టింది. కసిమీరో మొహమంతా ఎర్రటి చుక్కలు. ఒక డబ్బా మీద కూచున్నాడు. ఎవరో కాఫీ చేతికిచ్చారు. లోపల ఏదో బరువు దిగినట్టు, చాలాకాలం తర్వాత ఏదో సరిగ్గా చేసినట్టు అనిపించింది. లందేరోస్ చప్పట్లు కొట్టలేదు. పూతని టార్చిలైటు వేసి చూసి, మేస్త్రీ వైపు చూసి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు తలూపాడు. నబోర్ చీలలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. నవ్వుతాడేమోనని కసిమీరో చూశాడు. నబోర్ చీలలు నేల మీద పెట్టి, పటకా బిగించుకుని, గీకుడు అందుకున్నాడు.

*

'సాంతా బ్రిహిదా' నీళ్ళలోకి దిగిన మర్నాడు నబోర్ పనికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

"దక్షిణాదోడేడి?" అడిగాడు కసిమీరో.

లందేరోస్ కొత్తగా పైకి లాగుతున్న 'పెలికానో' వైపు చూస్తున్నాడు. "పంపించేశాను."

"పంపించెయ్యడమేంటి? ఏం చేశాడు?"

"ఏం చెయ్యలేదు. వాణ్ణి పెట్టుకుంది దిమ్మల కోసం. గీకడానికి నాకు మనుషులు లేరా? యజమాని ఎప్పటినుంచో ఒక మనిషిని తగ్గించమంటున్నాడు. దిమ్మల పనికి ఎవడూ దొరకడని చెప్పి నెట్టుకొస్తున్నాను. మొన్న నువ్వు దూరడం ఆయనా మేడ మీంచి చూశాడు." లందేరోస్ మొహంలో ఎగతాళి లేదు. "ఇంకేం చెప్పను కసిమీరో ఆయనకి? దూరేవాడు లేడని చెప్పనా?"

"అది ఒక్కసారికి. ఆ బోటుకి మాత్రం."

"ఆయనకి బోటు బోటుకీ తేడా ఏముంది?"

"వాణ్ణి తిరిగి పిలువు. ఇక మీదట నేను దూరను."

"దూరకు. అప్పుడు ఆయన దూరే మేస్త్రీని వెతకమంటాడు. నాకది ఇష్టం లేదు. నువ్వూ నేనూ ఒకే డబ్బాలో కుంచెలు ముంచినోళ్ళం." గొంతు తగ్గించాడు. "ఊరుకో. అలవాటైపోతుంది."

సాయంత్రం కసిమీరో ఐసు ఫ్యాక్టరీ వెనక వీధిలోకి వెళ్ళాడు. అద్దెగదుల వరస చివర, తలుపు లేని గదిలో నబోర్ బట్టలు మడతపెట్టుకుంటున్నాడు. మడత పెట్టడానికి పెద్దగా ఏమీ లేవు. తాడు తెచ్చి సంచికి కడుతున్నాడు. మేస్త్రీని చూసి లేవలేదు, కూచోమనీ అనలేదు.

"లందేరోస్‌తో మాట్లాడాను," అన్నాడు కసిమీరో.

"ఊఁ."

"విన్లేదు. నేనింకో యార్డులో అడుగుతాను. నాకు తెలిసిన వాళ్ళున్నారు."

"సీజను మొదలైపోయింది మేస్త్రీ. అందరికీ మనుషులున్నారు. ఎర్మొసీయో ఊరు దాటాక ద్రాక్షతోటల్లో పనుందంట. రాత్రి బస్సుకి పోతున్నా."

కసిమీరో గుమ్మాన్ని ఆనుకుని నిలబడ్డాడు. "నేను నీ మంచికే చేశానయ్యా. నువ్వు అలా కక్కుకోవడం చూళ్ళేకపోయాను."

నబోర్ ముడి వెయ్యడం ఆపాడు. "నిన్నెవరు చూడమన్నారు?"

"అదేంటి..."

"చూళ్ళేకపోతే మొహం అటు తిప్పుకోవాల్సింది. వేసవంతా అదేగా చేశావు. ఒక్కరోజు ఇటు తిరిగావు, నా పని పోయింది." అతని గొంతు పెరగలేదు. "భయం అన్నావు. అవును, భయమే. చచ్చేంత భయం. ఆ భయాన్ని చూసే నాకు పనిచ్చారు. మా ఆవిడకి డబ్బు పంపిందీ, మా అమ్మకి మందులు కొన్నదీ ఆ భయంతోనే. అది నాది. నువ్వొచ్చి తీసేసుకున్నావు. నీకు చప్పట్లు కొట్టారు."

బయట ఐసు ఫ్యాక్టరీ యంత్రం పెద్దగా కొట్టుకుంటోంది. నబోర్ సంచి భుజాన వేసుకుని, గది ఒకసారి చూసుకుని, అతని పక్కనుంచి బయటికి వచ్చాడు. ఇరుకు గుమ్మం, ఇద్దరూ పక్కకి ఒదగాల్సి వచ్చింది.

"ఆ బోట్ల కింద ఎలా ఉండగలిగావయ్యా, రోజూ?" అడిగాడు కసిమీరో వెనకనుంచి.

నబోర్ వినపడనట్టే నడిచి వెళ్ళిపోయాడు.

*

'పెలికానో' అంతకు ముందుదాని కంటే పెద్దది, పాతది. దూలం నడిమధ్య కొద్దిగా కుంగి ఉంది. దాని సరంగు దామసో లావుపాటి మనిషి, ఊరకే నవ్వుతుంటాడు. గీకుతున్నంతసేపూ బోటు చుట్టూ తిరిగి, కనపడ్డ ప్రతివాడికీ సిగరెట్టు ఇచ్చాడు.

"మేస్త్రీ, సాంతా బ్రిహిదాకి నువ్వే కింద దూరి వేశావంట. మాకూ అలాగే కావాలి. మా కుర్రాళ్ళంతా అదే అంటున్నారు."

"వేస్తాం," అన్నాడు కసిమీరో.

లందేరోస్ ఈల వేశాడు. దిమ్మ తీసిన చప్పుడు ఈసారి బోటంతా పాకింది. కసిమీరో పడుకుని లోపలికి జరిగాడు. చప్పట్లు కొట్టడానికి ఎవరూ పని ఆపలేదు. లెంచో గుడ్డ అందించి, వెంటనే అటు వెళ్ళిపోయాడు. అవతల గీకుళ్ళు పలక మీద బలపంలా శబ్దం చేస్తూనే ఉన్నాయి.

మొదటి రెండు దిమ్మల దగ్గరా ఎలాగో పూర్తి చేశాడు. మూడోది తీసినప్పుడు పైన్నుంచి దుమ్ము రాలింది. ఎల్వియా మొహం తలుచుకోబోయాడు. రాలేదు. ఆ బోటు మీద ఎల్వియాకి ఎవరూ లేరు. తన కాలివేళ్ళు బూట్లలోపల ముడుచుకుని ఉన్నాయని అప్పుడు తెలిసింది అతనికి. విప్పాలని చూశాడు. విడివడలేదు. అయినా పూత పూసి, రెండో పూతకి ఆగి, అదీ పూసి, చెమటతో తడిసి బయటికొచ్చాడు. ఎవరికీ కనపడకుండా డబ్బాల వెనక్కి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాడు.

చుక్కాని దగ్గరి చివరి దిమ్మ మిగిలింది. తీశారు. లోపలికి భుజాలు పట్టేంతే జాగా. కసిమీరో తల వంచి, చెంప దూలానికి రాసుకుంటూ పాకాడు. గీకాడు. గుడ్డతో తుడిచాడు. కుంచె ముంతలో ముంచాడు. ముంచిన కుంచె పైకి ఎత్తేలోపల, తల వెనకాల ఎక్కడో చెక్క పగిలింది. పగల్లేదేమో, చీల కదిలిందేమో, తెలీదు. దూలం జుట్టుకి తగిలింది. అంతకు ముందు తగల్లేదు.

ఎలా బయటికొచ్చాడో అతనికే తెలీదు. మోచేతులు గీసుకుపోయాయి. ముంత లోపలే ఒరిగి, ఎర్రరంగు నేల మీదికి కారుతోంది. కుంచె చేతిలోనే ఉంది. దాని నిండా రంగు ఉంది.

లందేరోస్ అటు తిరిగి వించ్ దగ్గరివాడితో మాట్లాడుతున్నాడు. తిరక్కుండానే అడిగాడు.

"అయిందా?"

కసిమీరో కుంచె వైపు చూశాడు.

"అయింది."

"రెండు పూతలూనా? ఇంత తొందరగానా?"

"చిక్కగా పట్టించాను. ఒకటే చాలు."

లందేరోస్ ఇటు తిరిగి అతని మొహం చూశాడు. మోచేతుల మీది నెత్తురూ చూశాడు. టార్చిలైటు అతని జేబులో ఉంది. చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగింది. "సరే," అన్నాడు. "దిమ్మ పెట్టండ్రా."

సమ్మెటతో చీలలు బిగించారు. దిమ్మ దూలానికి అతుక్కుపోయింది. ఇక ఆ జాగా ఎవరికీ కనపడదు, మళ్ళీ ఏడాది బోటు పైకొచ్చేదాకా.

సముద్రం పోటు వచ్చే వేళకి 'పెలికానో'ని దించడానికి సిద్ధం చేశారు. దామసో మనుషులు ఆరుగురూ పై తట్టు మీద నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడి పెళ్ళాం ఒడ్డున నిలబడి, గొడుగు కింద నుంచి ఏదో అరిచి చెప్తోంది, వాడు వినపడటం లేదని చెవి చూపిస్తున్నాడు. దామసో దిగొచ్చి కసిమీరో చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అడుగంతా పట్టిందా మేస్త్రీ?"

"పట్టింది."

"నీ చెయ్యి పడ్డాక ఇంక మాకు బెంగ లేదు. మొదటి వేటలో పెద్ద రొయ్యలు నీకే." భుజం తట్టి, నిచ్చెనెక్కి పోయాడు.

బండి కదిలింది. కొత్త ఎర్రరంగు ఎండలో మెరుస్తూ, ముందు చుక్కాని వైపు, నీళ్ళలోకి దిగుతోంది. నీళ్ళు చివరి దిమ్మని తాకాయి. కసిమీరో పట్టాల పక్కన నాలుగడుగులు పరిగెత్తినట్టే నడిచి, వించ్ ఆపమని కుడిచెయ్యి పైకెత్తాడు. బండి చక్రాల చప్పుడులో అరిచినా ఎవరికీ వినపడేది కాదు.

బోటు మీద దామసో అతన్ని చూశాడు. నవ్వుతూ తనూ చెయ్యెత్తాడు. పక్కనున్న ఆరుగురూ చేతులెత్తి ఊపారు. ఒడ్డున గొడుగు పట్టుకున్న మనిషి కూడా అతని వైపు తిరిగి చూసి, చెయ్యెత్తింది.

కసిమీరో చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఎర్రరంగు మొత్తం నీళ్ళకిందికి పోయింది. దీనికీ పైన వేసిన తెలుపూ, నీలం పట్టీ మాత్రం మిగిలాయి.

అతను ఆ చేతిని మెల్లగా అటూ ఇటూ ఊపాడు.